అక్క భాగం బిళ్ళ

కిందటి నెల మా మనవరాలు వచ్చినప్పుడు నా ఫోనులో ఒక యాప్ వేసి వెళ్ళింది. బీపీ మాత్రకి ఒక గంట, నడకకి ఒక గంట, నీళ్ళు తాగడానికి ఇంకో గంట. వేళకి చేస్తే పచ్చ చుక్క పడుతుంది, తప్పితే చుక్కల వరస తెగిపోతుంది. "అలవాటు నిలబడాలంటే వెనకాల ఇలాంటిదేదో ఒకటి ఉండాలి అమ్మమ్మా" అంది, పెద్ద ఆరిందాలా. నాకు నవ్వొచ్చింది. చిన్నతనం దాటినప్పటినుంచి నేను మాత్ర తప్పింది లేదు. మా ఆయన పోయిన రోజున కూడా చుట్టాల మధ్యనుంచి లేచి వెళ్ళి మాత్ర వేసుకుని వచ్చి కూర్చున్నాను. అది చూసి నన్ను రాతిగుండె మనిషన్నవాళ్ళున్నారు, అననీ. "ఎవరు నేర్పారు అమ్మమ్మా నీకిది" అని మనవరాలు అడిగితే "మా అమ్మ" అని ఊరుకున్నాను. అది సగమే నిజం. మిగతా సగం చెబితే పిల్ల మళ్ళీ నా పక్కన పడుకోదు. అమ్మ పోయి ఏడాది దాటింది కాబట్టి, ఇక ఎవరికీ అడ్డం లేదు కాబట్టి, ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్న అటవీ సరుకు కొనే డిపోలో కాటా గుమస్తా. హుకుంపేట దాటాక బస్సు దిగి, గెడ్డ, అదే కొండవాగు, దాటి, కొండవారగా నడిచి వెళితే వచ్చే చిన్న ఊళ్ళో ఉండేది ఆ డిపో. దాని వెనక గోడకి ఆనుకుని మా రెండు గదుల క్వార్టరు. డిపో వాసనే మా ఇంటి వాసన. చింతపండు వచ్చే రోజుల్లో ఇల్లంతా పుల్లగా ఉండేది, పిప్పళ్ళ రోజుల్లో తుమ్ములు, పసుపు దిగిన రోజుల్లో మా జడలు కూడా పచ్చబడేవి. విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు మాత్రం ఏడాది పొడుగునా ఉండేవి. తడిసిన అడ్డాకు వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నా వీపు మీద వెంట్రుకలు లేస్తాయి. ఇప్పుడు ఆ దారంతా కాఫీ తోటలూ, బొంగు చికెన్ బోర్డులూ, సెల్ఫీలు తీసుకునే జనమూను. అప్పుడు సాయంత్రం నాలుగయ్యేసరికి కొండ మీంచి మబ్బు దిగి మా పెరట్లోకి వచ్చేసేది. మనిషి వస్తున్నట్టే వచ్చేది, ముందు పసుపు మడి, తరవాత కట్టెల మోపు, తరవాత వెనక వసారా మెట్లు, ఒక్కొక్కటీ కనబడకుండా పోయేవి. దానికి అలవాటు పడడానికి మా అమ్మకి చాలా కాలం పట్టింది.

అమ్మ బొబ్బిలి వైపు రైతుల ఇంటి ఆడపిల్ల. నాన్నకి ఏజెన్సీకి బదిలీ అయిందని తెలియగానే ఊళ్ళో అమ్మలక్కలంతా వచ్చి, చలిజ్వరం గురించి చెప్పి చెప్పి, ఆవిడని సగం చంపేసే పంపారు. అందుకని అమ్మ కొండెక్కుతూనే ఇంట్లో చట్టాలు పెట్టింది. గెడ్డ నీళ్ళు ఇత్తడి గుండిగలో తెర్లేదాకా కాచి, పాత పంచెతో వడకట్టి గాని నోట పోయకూడదు. పొద్దు కొండ వెనక్కి పోకముందే కిటికీలు మూసి, పిడక మీద వేపాకు పొగ వెయ్యాలి. బయటనుంచి వస్తే మడమల దాకా కాళ్ళు కడగాలి. దోమతెర అంచు పరుపు కింద దోపాలి. నాన్నకి ఇవన్నీ వేళాకోళంగా ఉండేవి. ఆయన్ని బీడీ మానమంటే మాత్రం "రేపట్నుంచి" అనేవాడు. ఆ రేపు ఆయన బతికుండగా రాలేదు.

అన్నిటికన్నా పెద్ద చట్టం మలేరియా బిళ్ళ. వారానికోసారి, సంత రోజున. ఆ రోజునే ఎందుకంటే ఆ ఊళ్ళో సోమవారం మంగళవారం అన్నమాట ఎవరి నోటా వినబడేది కాదు. సంతకి ముందు, సంత తరవాత, అంతే లెక్క. సంతకి కొండలన్నీ దిగి వచ్చేవి. ఆ సందడిలో ఏ పనైనా మరిచిపోతాం గాని సంతని మరిచిపోలేం గదా అని అమ్మ బిళ్ళని సంతకి ముడేసింది. సంత నుంచి రాగానే వెనక వసారా గట్టు మీద అందరికీ అడ్డాకు డొప్పలు వరసగా పెట్టేది. ఒక్కో డొప్పలో ఒక బిళ్ళ, ఒక బెల్లంముక్క. మంచి ఏర్పాటే. ఇప్పటి డాక్టర్లు కూడా అదే చెబుతారు, కొత్త అలవాటుని పాత పనికి కట్టెయ్యమని.

మా అక్క రత్నం ఆ బిళ్ళకి ఆగర్భ శత్రువు. నాకన్నా మూడేళ్ళు పెద్దది, నాకన్నా పొడుగు, నాకన్నా అన్నిటా గడుసు. బెల్లం చప్పరించేసి, బిళ్ళ నాలిక కింద దాచి, అమ్మ అటు తిరగ్గానే పసుపు మడిలో ఉమ్మేసేది. అమ్మ నోరు తెరిపించి చూడడం మొదలుపెట్టాక ఏడుస్తూ మింగేది. తిన్నాక డొప్పని పారేసేది కాదు. అంచులు నాలుగూ లోపలికి మడిచి, డొప్ప కుట్టిన పుల్లనే ఊడదీసి మళ్ళీ దాంట్లోనే గుచ్చి, పొట్లంలా చేసి గట్టు మీద పెట్టేది. ఎందుకే అలా అంటే "నా ఇష్టం" అనేది. మా అక్క చేసే పనుల్లో సగానికి అదే కారణం.

ఒక ఏడాది వానలు పట్టిన పట్టు విడవలేదు. గెడ్డ పొంగి సంత ఆగిపోయింది. తరవాతి సంతా లేదు, ఆ తరవాతిదీ లేదు. డిపోలోకి సరుకు రాలేదు. నాన్న కాటాకి నూనె రాసుకుంటూ కూర్చునేవాడు. మేం వానని చూస్తూ వేయించిన చింతపిక్కలు నమిలేవాళ్ళం. సంత లేదు కాబట్టి సంత రోజు లేదు, సంత రోజు లేదు కాబట్టి బిళ్ళ లేదు. డబ్బా నిండా బిళ్ళలు అటక మీదే ఉన్నాయి. ఇంట్లో నలుగురిలో ఒక్కరికీ, అంత భయం పెట్టుకున్న అమ్మకి కూడా, అవి గుర్తు రాలేదు. అక్కకి జ్వరం వచ్చాకే గుర్తొచ్చాయి. జ్వరం మెదడుకి ఎక్కింది. గెడ్డకి అవతల ఆస్పత్రికి పోయే జీపు, ఇవతల మేము. నాన్న అక్కని భుజాన వేసుకుని నీళ్ళల్లోకి దిగబోతే ఊరివాళ్ళు పట్టుకుని వెనక్కి లాగారు. సాయంత్రం మబ్బు పెరట్లోకి దిగే వేళకి అక్క పోయింది. మా ఊరికి తీసుకుపోయే దారి లేక, కొండవాలున, ఆ ఊరివాళ్ళు పోయిన తమవాళ్ళకి పాతుకున్న నిలువు రాళ్ళ పక్కనే పూడ్చిపెట్టాం.

అమ్మ ఏడవలేదు. "సంతకి ముడేసేను, సంతకి ముడేసేను" అని గొణుక్కుంటూ, ఎసరు పెట్టి బియ్యం పొయ్యడం మరిచిపోయేది. నేను బిళ్ళ మింగనని మొండికేసేదాన్ని. అక్క లేకుండా గట్టు మీద కూర్చోవాలంటే నాకు భయం. నోరు బిగించుకునేదాన్ని. అమ్మ బలవంతాన వేస్తే కక్కేదాన్ని. ఉన్న ఒక్కదాన్నీ ఎలా నిలుపుకోవాలో తెలియని అమ్మ, నా దవడలు పట్టుకుని నా మొహంలోకి చూసేది. ఆ చూపు నేను మరవలేదు.

అప్పుడు వచ్చింది సోంబారి. పక్క ఊరి ఆవిడ, అడ్డాకులు కుట్టి డిపోకి వేసేది. అమ్మకి ఆ కొండల్లో ఉన్న ఒకే ఒక్క స్నేహితురాలు. వెనక వసారాలో కూర్చుని, పొగాకు చుట్ట వెలిగించి, తన ధోరణిలో చెప్పుకుంటూ పోయింది.

"మేమైతే మామిడి కొత్త పండగ సేత్తాం గదమ్మా. కొత్తకాయి ముందల సచ్చిపోనోళ్ళకి ఎడతాం. ఆళ్ళ బాగం ఆళ్ళకి ఎట్టందే మా పిల్లగుంటలు కూడా నోట్లో ఎట్టరు. మేం మర్సిపోతాం గానీ ఆళ్ళు మర్సిపోరు. రోజు తెల్సుకుని ఒచ్చి కూకుంటారు."

"సంత లేకపోయినా ఒస్తారా?" అంది అమ్మ. చాలా రోజుల తరవాత ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అది.

"సంతతో ఆళ్ళకేటి పని?" అంది సోంబారి.

ఆ వారం అమ్మ గట్టు మీద మళ్ళీ నాలుగు డొప్పలు పెట్టింది. నన్ను లోపల కూర్చోమని తలుపు చేరవేసింది. కాసేపటికి పిలిచింది. మా మూడు డొప్పలూ అలాగే ఉన్నాయి. నాలుగోది అంచులు లోపలికి మడిచి, పుల్ల గుచ్చి ఉంది. అమ్మ దాన్ని విప్పి చూపించింది. బెల్లం ఉంది. బిళ్ళ లేదు.

"సూడు. అక్క ఏసేసుకున్నాది. నువ్వే మిగిలేవు."

నేను బిళ్ళ మింగాను. నీళ్ళు కూడా అడగలేదు.

పిల్లనైనా నాకు ఆలోచన లేకపోలేదు. ఎలకైతే బెల్లం తింటుంది, కాకైతే బెల్లం ఎత్తుకుపోతుంది. చేదు బిళ్ళ తిని బెల్లం వదిలేసే ప్రాణి ఏదీ నాకు తెలియదు. బతికుండగా అక్క కూడా అలా చెయ్యలేదు. ఆ తరవాత వారం వారం అలాగే జరిగింది. సంత ఉన్నా లేకపోయినా ఆ రోజు తప్పలేదు. నేను కిటికీ సందులోంచి కాపు కాసేదాన్ని. చూస్తున్నంతసేపూ ఏమీ ఉండదు. గాలి లేకుండా పసుపు మడిలో ఒక్క వరస ఆకులు మాత్రం కదిలేవి, పైనుంచి కిందకి, ఎవరో పక్కనుంచి నడిచి వస్తున్నట్టు. ఒక్క రెప్పపాటు అటు చూసి ఇటు తిరిగేసరికి డొప్ప మడిచి ఉండేది.

నాన్నకి కోపం వచ్చింది. "పిల్లని బెదరగొట్టి సంపేత్తావా ఏటి?" అని అరిచాడు.

"బెదిరినా బతుకుతాది" అంది అమ్మ. "ఆ పిల్ల బెదరకే పోనాది."

అప్పట్నుంచి ఇంట్లో చట్టాలన్నీ అక్క పేరు మీదే నడిచాయి. "అక్క లోపలికొచ్చేసినాది, బేగి కిటికీ ముయ్యి." "అక్క కాళ్ళు కడిగేసుకున్నాది, నువ్వేటి సేత్తన్నావు?" కాచిన నీళ్ళ గ్లాసు ఒకటి ఎప్పుడూ ఎక్కువ ఉండేది. బతికుండగా ఒక్క మాట వినని మా అక్క, పోయాక ఎంత బుద్ధిమంతురాలైందో చూస్తే నాకు ఒళ్ళు మండేది కూడా. కానీ ఎదురు చెప్పే ధైర్యం ఎవరికి? నీళ్ళు తాగేటప్పుడు పక్కన ఎవరో గుటక వేసినట్టుండేది. నేను గ్లాసు ఖాళీ చేసేదాకా ఆ గుటక ఆగేది కాదు. ఆ కొండల్లో చలిజ్వరం రాని పిల్ల నేనొక్కర్తినే అని నాన్న అందరికీ చెప్పుకునేవాడు. ఎందుకు రాలేదో మాత్రం చెప్పేవాడు కాదు.

ఏడాది తిరిగాక సోంబారి ఒక చిన్న నిలువు రాయి మోయించుకుని వచ్చింది. పాతేస్తే పోయినవాళ్ళు పెద్దల్లో కలిసిపోతారట, ఇక విడిగా భాగం పెట్టనక్కర్లేదట.

"రాయి పాతీయాలమ్మా. ఏడాది దాటేక కూడా బాగం ఎడితే పిల్లగుంట ఎల్లదు. గుమ్మంలోనే ఉండిపోతాది. అది దానికి మంచిది కాదు."

అమ్మ రాయి వైపు చూసింది, నా వైపు చూసింది. "ఉండనీ" అంది.

సోంబారి లేచింది. రాయిని పెరటి గోడకి ఆనించి వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆవిడ ఎప్పుడు వచ్చినా వీధి గుమ్మం దగ్గరే కూర్చునేది. వెనక వసారా మెట్టు మళ్ళీ ఎక్కలేదు.

మరుసటి వానల్లో మా అమ్మమ్మకి జబ్బు చేసిందని కబురొస్తే, గెడ్డ ఇంకా పొంగకముందే అమ్మ ఊరెళ్ళింది. ఇంట్లో నేనూ నాన్నా. సంతలు ఆగిపోయాయి. నాన్న వంట, నా అల్లరి, ఒకటే వాన. బిళ్ళ మాట ఇద్దరికీ గుర్తులేదు, మళ్ళీ అదే తప్పు. ఒక మధ్యాహ్నం కట్టెల కోసం వెనక వసారాలోకి వెళ్ళాను. గట్టు మీద ఒక డొప్ప ఉంది. మేమెవరం పెట్టలేదు. అంచులు లోపలికి మడిచి, పుల్ల గుచ్చి, తడిసి ఉంది. విప్పితే లోపల ఏమీ లేదు. అడుగున తెల్లటి పొడి మరక. వేలితో అద్ది నాలిక మీద పెట్టుకున్నాను. చేదు.

నా కేక విని నాన్న వచ్చాడు. డొప్పని చూసి లోపలికి వెళ్ళాడు. అటక మీద ఉండాల్సిన బిళ్ళల డబ్బా పొయ్యి పక్కన నేల మీద ఉంది. మూత తీసి ఉంది.

"నువ్వు తీసేవా?" అన్నాడు.

అటక నాకు ఎంత దూరమో ఆయనకి తెలుసు. నేను తల అడ్డంగా ఊపాను. నాన్న బీడీ పారేసి, రెండు బిళ్ళలు తీసి, ఒకటి నా నోట్లో పెట్టి, ఒకటి తను వేసుకున్నాడు. ఆ తరవాత అమ్మ ఎప్పుడైనా పని తొందరలో ఉంటే నాన్నే లోపలినుంచి కేకేసేవాడు, "రత్నం బాగం ఎట్టేవా?" అని.

మాకు మళ్ళీ కిందికి బదిలీ అయినప్పుడు సామాన్లతో లారీ వచ్చింది. నాన్న డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నేను ఎక్కి తలుపు వైపు కూర్చున్నాను. అమ్మ కింద నిలబడి తలుపు పట్టుకుని ఎంతకీ ఎక్కదు. డ్రైవరు హారను కొట్టాడు. అమ్మ నాతో అంది, "లోపలికి జరుగు, అక్క ఎక్కాల." నేను జరిగాను. కొండ దిగినంతసేపూ నాకూ అమ్మకీ మధ్య ఒక పిల్ల పట్టేంత ఖాళీ ఉంది. మలుపుల్లో కూడా అమ్మ ఆ ఖాళీలోకి ఒరగలేదు.

మైదానంలో మలేరియా బిళ్ళ అక్కర్లేకపోయింది. డొప్పలు ఆగిపోయాయి. కానీ నాకు టానిక్కులొచ్చాయి, పెళ్ళయ్యాక ఐరన్ మాత్రలు, ఆ తరవాత బీపీ మాత్రలు. ఏది వేసుకోబోయినా పక్కన ఒకరు కూర్చున్నట్టుండేది, నేను మింగేదాకా లేవకుండా. మొదట్లో భయం. కొన్నేళ్ళకి భయం పోయి మర్యాద మిగిలింది. కూర్చున్న మనిషిని కూర్చోబెట్టి మాత్ర మానేసి ఎలా లేస్తాం? ఇది ఎవరికీ చెప్పలేదు, అమ్మకి కూడా. అమ్మ పనే అదంతా, నన్ను బతికించుకోడానికి అమ్మ ఆడిన నాటకమే అది, మిగతాది నా మనసు చేసే మాయ అని పెద్దయ్యాక నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

అమ్మ ఆఖరి రోజులు విజయనగరంలో మా ఇంట్లోనే గడిచాయి. ఒక మధ్యాహ్నం ఇద్దరం మాత్రలు వేసుకుంటుంటే నవ్వుతూ అడిగాను. "ఆ డొప్పలోంచి బిళ్ళ నువ్వే తీసేదానివి కదమ్మా?"

అమ్మ నవ్వలేదు. "మొదటిసారి నేనే తీసేను" అంది. "బిళ్ళ కొంగున ముడేసుకుని, డొప్ప అదెలా మడిసేదో అలాగే మడిసేను. నువ్వు మింగాల గదా మరి."

"తరవాత?"

"తరవాత వారం కూడా తీద్దారని ఎల్లేను. అప్పటికే నేదు."

కిటికీ బయట ఎండ కాస్తోంది. నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

"బయమెయ్యలేదా అమ్మా?"

"ఎందుకెయ్యదు? కానీ నువ్వు మింగుతున్నావు గదా." అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "సోంబారి రాయి పాతమన్నాది. పాతితే అది ఎల్లిపోతాది. అది ఎల్లిపోతే నువ్వు మానేత్తావు. ఉన్నదాని కోసం పోనదాన్ని గుమ్మంలో నిలబెట్టేసేనే. ఇన్నేళ్ళూ. దాని కాళ్ళెంత నొప్పెట్టేయో." అక్క పోయినప్పుడు ఏడవని మా అమ్మ అప్పుడు ఏడ్చింది, తొంభైకి దగ్గర పడిన మనిషి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి. "నేనూ పోతన్నాను. ఇంక రావద్దని దానికి సెప్పాల. సెప్తే నువ్వు మానెయ్యవు గదా?"

"మాననమ్మా. నీ మీద ఒట్టు."

అమ్మ నా మాట నిజమో కాదో తేల్చుకునేలా నా మొహంలోకి కాసేపు చూసింది. తరవాత తలుపు వైపు తిరిగి, ఆటలాడుకుంటున్న పిల్లని ఇంటికి పిలిచే గొంతుతో అంది, "ఇంక సాల్లే రత్నా. సెల్లి పెద్దదైపోనాది. దానికి తెలుసు. నువ్వెల్లి పడుకో తల్లీ."

ఏమీ కదలలేదు, ఏ చప్పుడూ కాలేదు. అమ్మ కళ్ళు తుడుచుకుని అటు తిరిగి పడుకుంది.

మర్నాడు పొద్దున్న నా మాత్ర నేను తీసుకుని, నీళ్ళు పోసుకుని, మంచం మీద కూర్చున్నాను. అలవాటుగా కొంచెం పక్కకి జరిగాను. ఎవరూ కూర్చోలేదు. అయినా మాత్ర మింగి గ్లాసు ఖాళీ చేశాను. నా జన్మలో మొదటిసారి ఒక్కదాన్నే వేసుకున్నాను.